పాత పేజ్‌మేకర్ ఫైళ్ళలోని తెలుగు పత్రికను యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం ఎలా?

మా పట్నంలో ఎప్పుడో ఆగిపోయిన ఒక వారపత్రిక తాలూకు సీడీలు మూడేళ్ళ క్రితం నా చేతికి వచ్చాయి. బిస్కెట్ల రేకు డబ్బాలో నలభై దాకా సీడీలు, అడుగున రబ్బరు బ్యాండు చుట్టిన ఫ్లాపీల కట్ట. మొదటి ఫైలు తెరిస్తే శీర్షిక ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఐరోపా అక్షరాలు, కొటేషన్ గుర్తులు బారులు తీరి కనిపించాయి. పత్రిక నడిపిన పెద్దాయన పక్కనే కూర్చుని చూస్తున్నారు. "అంతా పోయినట్టేనా బాబూ?" అని అడిగారు.

ఏమీ పోలేదు. అలాంటి ఫైళ్ళలో నూటికి తొంభై మళ్ళీ చదువుకోవచ్చు, వెతుక్కోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. పద్ధతి తెలియక జనం వాటిని పారేస్తున్నారు. జిల్లా పత్రికలు, సాహిత్య మాసపత్రికలు, కుల సంఘాల బులెటిన్లు, కళాశాల సంచికలు... 1990ల నుంచి దాదాపు 2010 దాకా తెలుగులో అచ్చయిన చిన్న పత్రికల్లో చాలా భాగం ఈ రూపంలోనే, అంటే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము ఫైళ్ళుగానే ఉంది. నేను చేసిన పని వరుసనే ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గరా అలాంటి డబ్బా ఉంటే ఈ వరుసలోనే వెళ్ళండి. మధ్యలో మెట్లు దాటేస్తే తర్వాత వెనక్కి రావాల్సి వస్తుంది.

ముందు అసలు సంగతి: ఆ ఫైల్లో తెలుగు లేదు

దీన్ని మనసుకు పట్టించుకుంటే మిగతాదంతా తేలిక. అను, శ్రీలిపి, ఆకృతి వంటి తెలుగు టైపింగ్ ప్యాకేజీల కాలంలో కంప్యూటరుకు తెలుగు అక్షరమంటే ఏమిటో తెలియదు. ఒక ఫాంటులో ఉన్న 256 గళ్ళలో ఇంగ్లిషు అక్షరాల బదులు తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆపరేటరు కీ నొక్కితే ఫైల్లో పడేది ఇంగ్లిషు కోడే. పైన ఆ ఫాంటు తొడిగారు కాబట్టి మన కంటికి "క" అని కనిపించింది. ఫాంటు తీసేస్తే మిగిలేది ఆ డాలరు గుర్తులే.

ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి కోడైన యూనికోడ్ అలా కాదు. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా సొంత సంఖ్యలున్నాయి. ఏ ఫాంటు తొడిగినా "క" కకారమే. కాబట్టి మనం చేయాల్సింది ముక్కల వరుసను అక్షరాల వరుసగా మార్చడం. అందుకు ఆ ముక్కలు ఏ ఫాంటువో తెలిసి తీరాలి. ఈ పనిలో ఫైలుకు ఎంత విలువ ఉందో ఫాంటుకూ అంతే ఉంది.

1. తెరవకండి, ముందు నకలు తీయండి

ఫ్లాపీ పెట్టగానే ఫైలు మీద రెండుసార్లు నొక్కాలనిపిస్తుంది. ఆగండి. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మూలన చిన్న బిళ్ళ జరిపితే కన్నం తెరుచుకుంటుంది. కన్నం తెరిచి ఉంటే ఆ ఫ్లాపీ మీద ఎవరూ రాయలేరు. ఐదుంపావు అంగుళాల దానికి ఇది తలకిందులు, పక్కనున్న గాటును మూసేస్తేనే రక్షణ. యూఎస్‌బీకి తగిలించే డ్రైవులు మూడున్నర అంగుళాలవే చదువుతాయి. పెద్దవాటికి పాత కంప్యూటరు వెతకాల్సిందే.

కోస్తా ఊళ్ళలో దాచిన ఫ్లాపీలకు బూజు పడుతుంది. బిళ్ళను వేలితో నెమ్మదిగా జరిపి లోపలి నల్ల పొరను వెలుతురులో చూడండి. తెల్లటి మచ్చలుంటే డ్రైవులో పెట్టకండి. దాని బూజు డ్రైవు తలకు అంటుకుని తర్వాత పెట్టే మంచి ఫ్లాపీలను కూడా గీరేస్తుంది. వాటిని విడిగా తీసి పెట్టి, తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించండి.

ప్రతి సీడీని, ఫ్లాపీని విడి ఫోల్డరులోకి మొత్తంగా కాపీ చేయండి. మీద చేతిరాతతో ఉన్న చీటీని ఫోటో తీసి అదే ఫోల్డరులో పెట్టండి. "ఉగాది సంచిక, 3వ పేజీ మార్చాలి" అని ఆపరేటరు రాసుకున్న మాటే తర్వాత ఏ ఫైలు అసలుదో మీకు చెబుతుంది. వైరస్ తనిఖీ ఈ నకలు మీదే చేయండి. ఆపైన ఈ ఫోల్డరును చదవడానికే తప్ప మార్చడానికి ముట్టుకోవద్దు. పనంతా రెండో నకలు మీద.

2. ఏ ఫైలు ఏమిటో గుర్తుపట్టండి

ఫైలు పేరు చివరి అక్షరాలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పి65 అని ఉంటే పేజ్‌మేకర్ 6.5. పీఎండీ అంటే పేజ్‌మేకర్ 7. పీఎం5 లాంటివి అంతకు ముందువి. సీడీఆర్ అంటే బొమ్మలు గీసే ప్రోగ్రాము కోరల్‌డ్రా. ఆర్‌టీఎఫ్, డీఓసీ అయితే వర్డ్‌లో కొట్టిన వార్తలు. ఇవి దొరికితే సంతోషించండి, పని సగం తగ్గుతుంది.

పేజ్‌మేకర్ చరిత్ర తెలిసి ఉంటే మేలు. ఆల్డస్ సంస్థ 1985లో మెకింటాష్ కోసం తెచ్చింది. 1994లో ఆల్డస్ అడోబిలో కలిసిపోయింది. 6.5 వచ్చింది 1996లో, చివరిదైన 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబి దాని అభివృద్ధి ఆపేసింది. దాని బదులు అడోబి తెచ్చిన ఇన్‌డిజైన్ 1999 నుంచే ఉన్నా, మన ఊళ్ళలో డీటీపీ సెంటర్లు చాలా ఏళ్ళపాటు పేజ్‌మేకర్‌ను వదల్లేదు. అను ఫాంట్లు అందులో చక్కగా కూర్చునేవి, ఆపరేటర్ల వేళ్ళు ఆ కీలకే అలవాటు పడ్డాయి.

పేరు చివర ఏమీ లేని చిన్న ఫైళ్ళు తగిలితే అవి వర్డ్‌స్టార్ అనే పాత టైపింగ్ ప్రోగ్రాము కాలానివి కావచ్చు. ఇంగ్లిషు వర్డ్‌స్టార్ ఫైళ్ళలో మాట మాటకూ చివరి అక్షరం చెడినట్టు కనిపిస్తుంది. వర్డ్‌స్టార్ ఆ అక్షరం కోడుకు 128 కలిపి దాచుకునేది. 101 ఉండాల్సిన చోట 229 ఉంటుంది. 128 కంటే ఎక్కువున్న ప్రతి కోడు నుంచి 128 తీసేసే చిన్న ప్రోగ్రాము రాస్తే పాఠం తేటపడుతుంది. ఇక ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ వారి జిస్ట్ కార్డుతో (కంప్యూటరులో అమర్చే భారతీయ భాషల కార్డు) కొట్టిన తెలుగు ఇస్కీ అనే భారతీయ లిపుల కోడులో ఉంటుంది. ఇస్కీ 1991లో భారతీయ ప్రమాణమైంది. అందులో ముక్కలు కాక అక్షరాలే ఉంటాయి, యూనికోడ్‌లో మన లిపుల వరుస కూడా ఇస్కీ నుంచే వచ్చింది. అందుకని దాన్ని మార్చడం అను ఫైలు కంటే ఎంతో సులువు.

3. ఫాంటు వెతకండి

ఫైలు ఏ ఫాంట్లు అడుగుతోందో పేజ్‌మేకరే చెబుతుంది. తెరిచేటప్పుడు లేని ఫాంట్ల జాబితా ఒకటి చూపి, వాటి బదులు ఏది వాడమంటారు అని అడుగుతుంది. ఆ జాబితాను పేరు పొల్లుపోకుండా రాసుకోండి. మార్పు తాత్కాలికమా, శాశ్వతమా అని అడిగితే ఎప్పుడూ తాత్కాలికమే ఎంచుకోండి. శాశ్వతం అని నొక్కి భద్రం చేశారంటే ఏ పేరా ఏ ఫాంటులో ఉందన్న సమాచారం చెరిగిపోతుంది. నా మొదటి వారంలో నేను ఒక ప్రత్యేక సంచికను ఇలాగే పాడుచేసుకున్నాను. మొదటి నకలు ఉండబట్టి బయటపడ్డాను.

ఫాంటు పేరులో శ్రీ-టెల్ అని అంకెతో ఉంటే అది పుణేకు చెందిన మాడ్యులర్ సంస్థ శ్రీలిపి. అను అయితే ఎన్నో వెర్షన్ అన్నది ముఖ్యం. అను 6, అను 7 ఫాంట్ల కోడ్లు ఒకటి కావు. ఒకే పత్రిక 2000ల మధ్యలో ఒకదాని నుంచి మరోదానికి మారి ఉంటే, ఒక సంచిక నిక్షేపంగా వచ్చి తర్వాతి సంచిక చెత్తగా వస్తుంది. అప్పుడు ఫైలు పాడైందనుకోకండి.

ఫాంట్ల కోసం ఆ పత్రికకు పనిచేసిన ఆపరేటర్లను అడగండి. పాత కంప్యూటరు అటక మీద ఉంటుంది, దాని హార్డ్ డిస్కులో విండోస్ కింద ఫాంట్స్ ఫోల్డరు ఉంటుంది. ఆ ప్యాకేజీల్లో కొన్ని ప్రింటరు పోర్టుకు తగిలించే తాళంతో వచ్చేవి. ఆ తాళం పోయిందని బెంగపడకండి. కొత్తగా టైపు చేయడానికి కీబోర్డు ప్రోగ్రాము కావాలి గానీ ఉన్నది చదవడానికి ఫాంటు ఒక్కటి చాలు.

4. మొదట బొమ్మను కాపాడండి, తర్వాతే పాఠం

పేజీ అచ్చయినప్పుడు ఎలా ఉందో అలాగే పీడీఎఫ్ తీసుకోవడం మొదటి పని. ఆ తర్వాత పాఠం మార్చేటప్పుడు సందేహం వస్తే చూసుకోవడానికి ఇదే మీ ప్రూఫు.

పేజ్‌మేకర్ నడవాలంటే ఇప్పటి కంప్యూటరులో వర్చువల్‌బాక్స్ (కంప్యూటరులోనే మరో కంప్యూటరును నడిపే ప్రోగ్రాము) పెట్టి, దానిలో విండోస్ ఎక్స్‌పీ వేసి, ఆపైన పేజ్‌మేకర్, ఫాంట్లు ఎక్కించండి. దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. ఫైలు తెరిచే పెట్టెలో "ఒరిజినల్", "కాపీ" అని రెండు ఎంపికలుంటాయి, కాపీ ఎంచుకోండి. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవరు ఒకటి వేసి, ప్రింటును ఫైలుగా తీసి, దాన్ని ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్‌గా మార్చండి. పేజ్‌మేకర్ దొరకకపోతే మరో రెండు దారులున్నాయి. ఇన్‌డిజైన్ సీఎస్6, అంతకు ముందువి పేజ్‌మేకర్ 6 ఆపైన ఫైళ్ళను తెరుస్తాయి. లిబ్రేఆఫీస్ డ్రా 4.4 నుంచి ఉచితంగా తెరుస్తుంది. పేజీ అమరిక అక్కడక్కడ చెదిరినా పాఠం బయటికి వస్తుంది.

ఫోటోలు పేజీలో కాకుండా విడిగా టిఫ్ ఫైళ్ళుగా ఉండి, పేజీలో వాటికి లింకు మాత్రమే ఉండవచ్చు. సీడీ మీద ఫోటోల ఫోల్డరును తోసిపుచ్చకండి.

5. పాఠం బయటికి తీయడం

పేజ్‌మేకర్‌లో పాఠం "స్టోరీ"లుగా ఉంటుంది. ఒక వార్త ఒక స్టోరీ. అక్షరాల పనిముట్టుతో వార్తలో ఎక్కడైనా నొక్కి, మొత్తం ఎంచుకుని, ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆర్‌టీఎఫ్‌గానే చేయాలి, సాదా పాఠంగా వద్దు. సాదా పాఠంలో ఫాంటు సమాచారం ఉండదు. అప్పుడు వార్త మధ్యలో ఇంగ్లిషు ఫాంటులో ఉన్న "ఐఏఎస్" లాంటి మాట ఏదో, అను ముక్క ఏదో విడదీయలేరు.

పత్రిక పేజీకి ప్రత్యేకమైన చిక్కులు మూడు. "మిగతా 4వ పేజీలో" అన్న వార్తను ఆపరేటరు పెట్టెలు కలిపి పారించి ఉంటే మొత్తం ఒకేసారి వస్తుంది. కత్తిరించి విడిగా అతికించి ఉంటే రెండు ముక్కలుగా వస్తుంది, మీరే కలపాలి. రెండోది, పెద్ద శీర్షికలు. బొద్దుగా సాగదీసి, నీడ వేసి, రంగు నింపిన శీర్షికలను ఆ రోజుల్లో కోరల్‌డ్రాలో చేసి బొమ్మగా పేజీలో పెట్టేవారు. అవి పాఠంగా రానే రావు, పీడీఎఫ్ చూసి మళ్ళీ టైపు చేయాల్సిందే. మూడోది, సన్నటి కాలమ్‌లో వరుస సరిపెట్టడానికి ఆపరేటరు చేత్తో పెట్టిన హైఫన్లు, మధ్యలో విరిచిన వరుసలు. ఇవి ఇప్పుడు తీయకండి. మార్పిడి అయ్యాక తెలుగు కంటికి కనిపిస్తున్నప్పుడు తీస్తే తప్పు జరగదు.

ఆర్‌టీఎఫ్‌ను వర్డ్‌లో తెరిచే ముందు ఆటోకరెక్ట్ పూర్తిగా ఆపేయండి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది, కానీ సగం ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి. వాక్యం మొదటి అక్షరాన్ని అది పెద్ద అక్షరం (క్యాపిటల్) చేసిందంటే తెలుగులో ఒక ముక్క బదులు ఇంకో ముక్క వచ్చినట్టే. నిలువు కొటేషన్‌ను వంపు కొటేషన్‌గా మార్చినా అంతే. అలాగే 160, 173 కోడ్ల మీద ఓ కన్నేసి ఉంచండి. మామూలు ప్రోగ్రాములకు అవి విరగని ఖాళీ, కనిపించని హైఫన్. ఆ గళ్ళలో ఏదైనా ఫాంటు అక్షరపు ముక్క పెట్టుకుని ఉంటే, ప్రోగ్రాము దాన్ని మింగేస్తుంది.

6. మార్పిడి: ఒక్క "స్త్రీ"ని దగ్గరగా చూద్దాం

"స్త్రీ" ఫాంటు ముక్కల్లో మన చెయ్యి రాసే క్రమంలోనే ఉంటుంది: ముందు "సీ", దాని కింద త-వత్తు, ఆ తర్వాత ర-వత్తు. దీర్ఘం రెండు వత్తుల కంటే ముందు వచ్చేసింది. యూనికోడ్‌లో పలికే క్రమం ఉండాలి: స, పొల్లు, త, పొల్లు, ర, చివరికి ఈ-కారం. సంఖ్యల్లో రాస్తే 3128, 3149, 3108, 3149, 3120, 3136. అంటే పనిముట్టు ముక్కలను అక్షరాలుగా మారిస్తే చాలదు, గుణింతపు గుర్తును ఎత్తి వత్తులన్నీ దాటించి చివర పెట్టాలి. ఇది సరిగ్గా చేయని పనిముట్టులో "రాముడు", "పాలకుడు" నిక్షేపంగా వస్తాయి, "రాష్ట్రీయ", "స్త్రీలు" దగ్గర చుక్కల వలయం (గుర్తు తప్పు చోట పడిందని కంప్యూటరు చూపే గుండ్రం) కనిపిస్తుంది. అందుకే ఏ పనిముట్టునైనా ఇలాంటి పది మాటలతో పరీక్షించాకే నమ్మండి.

తెలుగువాళ్ళే రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన మార్పిడి పనిముట్లు కొన్ని ఉన్నాయి. వెబ్‌సైట్లలో ఒక్కో దినపత్రిక ఒక్కో సొంత ఫాంటు వాడిన రోజుల్లో "పద్మ" అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఆ పని చేసిపెట్టేది. మీ ఫాంటుకు సరిపోయేది దొరికితే అదే వాడండి.

దొరకకపోతే పట్టిక మీరే తయారుచేసుకోవచ్చు, నేను ఒక ఫాంటుకు చేశాను. స్ప్రెడ్‌షీట్‌లో 32 నుంచి 255 దాకా వరుసగా కోడ్లు రాసి, పక్క గడిలో ఆ ఫాంటు తొడిగితే ప్రతి కోడుకూ ఏ ముక్కో కనిపిస్తుంది. దాని పక్కన యూనికోడ్ అక్షరం రాయండి. ఒక్క నియమం మరిచిపోకండి: ఎక్కువ ముక్కలతో ఏర్పడే అక్షరాన్ని ముందు మార్చాలి, తక్కువ ముక్కలది తర్వాత. "మ"ను "వ" రూపానికి కొమ్ము తగిలించి కూర్చిన ఫాంటులో "వ"ను ముందు మార్చేస్తే పత్రికంతటా "అమ్మ" పోయి వకారాలు మిగులుతాయి. "ఘ", "ఝ", "హా", "మొ", "యో" కూడా ఈ జాబితాలోవే.

ఇంగ్లిషు ఫాంటులో ఉన్న మాటలకు మార్పిడికి ముందే గుర్తు పెట్టండి. ఫాంటు పేరుతో వెతికి, ఆ మాటల చుట్టూ తెలుగు ఫాంటులో వాడని ఏదో ఒక గుర్తు జత వేస్తే, పనిముట్టు వాటిని వదిలేసేలా చేసుకోవచ్చు.

7. మార్చాక శుభ్రం చేయడం

నేను ఎక్కువ గంటలు పెట్టింది ఇక్కడే. మొదట పొల్లు సంగతి. "హైదరాబాద్‌లో" అని ఆపరేటరు పొల్లు పెట్టి కొట్టింది, మార్పిడి తర్వాత "హైదరాబాద్లో" అయి ద కింద ల-వత్తు పడుతుంది. "పార్లమెంట్‌కు", "సాఫ్ట్‌వేర్" కూడా అంతే. పొల్లు ముక్కను మార్చేటప్పుడే దాని తర్వాత హల్లు ఉంటే 3149 తర్వాత 8204 చేర్చాలి. ఆ 8204 కంటికి కనిపించదు, పక్క అక్షరాలు అంటుకోకుండా ఆపుతుంది. విలేకరుల భాషలో ఇంగ్లిషు పేర్లు, ఊళ్ళ పేర్లు అడుగడుగునా ఉంటాయి కాబట్టి పత్రికల్లో ఇది వేలల్లో తగులుతుంది.

రెండోది సున్న. ఫాంటులో పూర్ణానుస్వారం, అంకె సున్న చూడ్డానికి ఒకేలా ఉన్నాయని ఆపరేటరు చేతికి దగ్గరున్నది కొట్టేసి ఉంటారు. తెలుగు అక్షరం తర్వాత దాన్ని ఆనుకుని ఉన్న 0 అంకెలన్నీ వెతికి పూర్ణానుస్వారంగా మార్చండి. అయితే ధరలు, తేదీలు, ఎన్నికల ఓట్లు, పరీక్షా ఫలితాల నంబర్ల మీద ఇలాంటి మూకుమ్మడి మార్పు ఎప్పుడూ చేయకండి. అంకెలన్నీ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని కంటితోనే చూడాలి. 1999 ఎన్నికల మెజారిటీలో ఒక అంకె తప్పు పోతే దాన్ని తర్వాత ఎవరూ అనుమానించరు.

ఇక తనిఖీ. ఫైల్లో మిగిలిపోయిన ఇంగ్లిషు అక్షరాలన్నీ వెతకండి. చుక్కల వలయాలు వెతకండి. ఆపైన ఆ ఏడాది సంచికలన్నిటి నుంచి మాటల జాబితా తీసి, ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతో పేర్చండి. నూరుసార్లు కనిపించే విచిత్రమైన మాట పట్టికలోని తప్పును పట్టిస్తుంది. "విద్యార్ది" అని నాకు వరసగా తగిలితే, థ-వత్తులో ఒక ముక్కను పట్టికలో వదిలేశానని తెలిసింది. ఒక్క వరుస సరిచేస్తే మూడు వందల చోట్ల బాగుపడింది.

ఆపరేటరు చేసిన అచ్చుతప్పులను దిద్దకండి. అచ్చయిన పత్రికలో ఎలా ఉందో అలాగే ఉండాలి. మార్పిడిలో పుట్టిన తప్పులు మాత్రమే మనవి.

ఫాంటు ఎక్కడా దొరకని సంచికలకు చివరి దారి, అచ్చు కాపీని స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చడం) చేయడం. టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాముకు తెలుగు ఉంది, గూగుల్ డ్రైవ్ కూడా చేస్తుంది. వత్తులు, చిన్న అక్షరాల ప్రకటనల దగ్గర తడబడుతుంది కాబట్టి ప్రూఫు చూసే పని రెట్టింపు ఉంటుంది.

8. మళ్ళీ పేజీగా కూర్చడం, దాచడం

పుస్తకంగా వేయాలంటే ఇన్‌డిజైన్‌లో పేరాకు వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి, లేకపోతే వత్తులు పక్కకు జారతాయి. ఉచితంగా కావాలంటే స్క్రైబస్ 1.5.3 ఆపైనది తెలుగును సరిగ్గా కూరుస్తుంది. ఫాంట్లకు కొదవ లేదు: సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు, సురవరం వంటివి ఉచితం. లోపలి పాఠానికి మండలి, శీర్షికకు రామభద్ర నాకు నచ్చిన జోడీ.

ప్రతి సంచికకూ ఒక ఫోల్డరు పెట్టి నాలుగు ఉంచండి: అసలు ఫైలు, దాని ఫాంట్లు, పేజీ పీడీఎఫ్, యూటీఎఫ్-8లో సాదా పాఠం. ఫోల్డరు పేరు ఏడాది, నెల, తేదీ వరుసలో అంకెలతో పెడితే కంప్యూటరు దానంతటదే కాలక్రమంలో పేరుస్తుంది. రెండు చోట్ల, రెండు వేర్వేరు ఇళ్ళల్లో నకళ్ళు ఉండాలి. ఇంటర్నెట్‌లో పెట్టే ఉద్దేశముంటే సంపాదకుడి అనుమతితో పాటు కథలు, కవితలు రాసినవారి అనుమతీ తీసుకోండి. వాటి హక్కులు చాలాసార్లు రచయితలవే.

మొదటి సంచికగా ప్రత్యేక సంచికను ఎంచుకోకండి. రంగులు, పద్యాలు, బొమ్మ శీర్షికలతో అది మిమ్మల్ని అలసగొడుతుంది. మధ్యలో ఎక్కడో ఉన్న మామూలు ఎనిమిది పేజీల సంచిక తీసుకోండి. నాకు మొదటిదానికి రెండు రోజులు పట్టింది. పట్టిక కుదిరాక ఒక్కో సంచిక మూడు గంటల పని అయింది, అందులో రెండు గంటలు ప్రూఫుకే. ఆ ప్రూఫు పెద్దాయనే చూశారు. ఆ ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు ఆయన కంటే బాగా ఎవరికీ తెలియవు.